ఆవిరి పట్టని అద్దాలు

మా మనవరాలికి కన్నీళ్ళు రావు. కొత్తవాళ్ళు చూసి మొండిపిల్ల అనుకుంటారు. అది కాదు. ఆమెకు ఏడేళ్ళప్పుడు జ్వరం వస్తే వేసిన మాత్ర ఒంటికి పడలేదు. ఒళ్ళంతా బొబ్బలు లేచి, చర్మం ఊడి, ఆసుపత్రిలో చాలా రోజులు ఉండి బతికింది. తర్వాత అన్నీ మానాయి కానీ కళ్ళు మాత్రం మునుపటిలా కాలేదు. కన్నీరు ఊరే చోట్లు ఎండిపోయాయని, ఇక ఎప్పటికీ చుక్కల మందు వేసుకుంటూ ఉండాల్సిందేనని డాక్టరుగారు చెప్పారు.

ఆ మాత్ర మింగించింది మా ఆవిడ. సెలవులకు చల్లపల్లి నుంచి మా ఇంటికి వచ్చిన పిల్లకు ఒళ్ళు కాలిపోతుంటే వీధి చివరి మందుల షాపులో అడిగి తెచ్చి, తేనెలో నూరి పట్టింది. ఆ పరిస్థితిలో ఎవరైనా చేసే పనే. డాక్టరుగారు కూడా ఆ మాటే అన్నారు. ఆవిడ చెవికి ఎక్కలేదు. పిల్ల ఇంటరుకు విజయవాడ వచ్చి మా దగ్గరే ఉండిపోయినప్పటి నుంచి, ప్రతి సాయంత్రం గోరువెచ్చటి నీళ్ళలో మెత్తటి గుడ్డ ముంచి పిండి ఆమె కళ్ళ మీద వేసేది. చదువుకునేటప్పుడు మనిషి రెప్ప వెయ్యడం మరిచిపోతాడట. అందుకని వంటింట్లోంచే మధ్యమధ్య కేక వేసేది, "రెప్ప వెయ్యవే" అని.

ఒకసారి పిల్ల అడిగింది, "మరి ఏడుపొస్తే నేనేం చెయ్యాలి అమ్మమ్మా?"

"నీ వంతు కూడా నేనే ఏడుస్తాలే. నా దగ్గర కావలసినంత స్టాకు ఉంది."

ఆ స్టాకు సంగతి నాకు తెలుసు. పిల్ల నిద్రపోయాక ఆవిడ ఆ గుడ్డను ఉతికేటప్పుడు వాడేది.

ఈ ఏడాది ఆగస్టులో మా ఆవిడ చనిపోయింది. గుండె ఆగింది. పొద్దున కాఫీ ఇచ్చి కుర్చీలో కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. ఆ రోజు ఇంట్లో ఏడవని మనిషి లేదు, ఒక్క మనవరాలు తప్ప. శవపెట్టె మూసేముందు అందరూ చివరిచూపు చూస్తుండగా, పిల్ల తలవైపు నిలబడి తెల్లదుప్పటి అంచు పట్టుకుని ఉంది. కళ్ళు గట్టిగా మూసి, తెరిచి, మళ్ళీ మూస్తోంది. రెప్ప వేస్తోందని నాకు తెలుస్తోంది. మా మరదలు, అంటే మా ఆవిడ చెల్లెలు, పక్కావిడతో అంది, "ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది మా అక్క. ఒక్క చుక్క రాల్చిందేమో చూడు." పిల్ల కళ్ళ సంగతి ఆమెకు తెలియనిది కాదు. పెట్టె ఎదురుగా ఉన్నప్పుడు తెలిసినవేవీ గుర్తుండవు. ఆ మాట పిల్లకు వినిపించింది. దుప్పటి అంచు వదిలేసి వెనక్కి వెళ్ళి నిలబడింది.

సెప్టెంబరు చివర కాలేజీ నుంచి కబురొచ్చింది. పిల్ల డిగ్రీ రెండో సంవత్సరం, కెమిస్ట్రీ. ల్యాబు చూసే మేడంగారు నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగానే చెప్పారు.

"అమ్మాయి బాగా చదువుతుందండీ. ఇబ్బంది కళ్ళతోనే. ల్యాబులో అందరికీ ఇచ్చే గాగుల్స్‌కి పక్కన గాలి కన్నాలుంటాయి. వాటిలోంచి ఆవిరి దూరి ఈమె కళ్ళు మండిపోతున్నాయి. తీసేస్తే నేను లోపలికి రానివ్వలేను. నవంబరు నుంచి ఘాటైన యాసిడ్లతో పని. ఈలోగా ఆమెకు సరిపడే అద్దాలు దొరికితే సంతోషం. లేకపోతే మాత్రం సబ్జెక్టు మార్పించండి. ప్రిన్సిపాల్ గారితో నేను మాట్లాడతాను. నవంబరు దాటితే అదీ కుదరదు."

బయటికొచ్చాక పిల్ల అంది, "నేను మారను తాతయ్యా."

కారణం నాకు తెలుసు. కెమిస్ట్రీ తీసుకున్న రోజున వాళ్ళ అమ్మమ్మతో అంది, ఊరందరికీ పడిన మాత్ర నాకెందుకు పడలేదో చదివి తెలుసుకుంటాను, ఇంకెవరికీ అలా కాకుండా చూస్తాను అని. పిల్ల మామూలుగానే అంది. మా ఆవిడ మాత్రం లేచి పెరట్లోకి వెళ్ళి, ఆరని బట్టలు తీసుకొచ్చింది.

నేను రైల్వేలో సిగ్నళ్ళ పని చేసి రిటైరయ్యాను. ఏ పరికరమైనా ముందు మనం పరీక్షించి చూశాకే బిగించాలని అక్కడ నేర్చుకున్నాను. ఇంట్లోనూ అదే పద్ధతి. కుక్కరు మూత రబ్బరు దగ్గర్నుంచి దోమల బ్యాటు దాకా నేను చూడనిదే వాడకంలోకి రాదు. చూసింది చూసినట్టు డైరీలో రాసుకోవడం ఉద్యోగంలో చేరినప్పటి అలవాటు. మా ఆవిడ నవ్వేది, "నన్ను కూడా పరీక్షించే చేసుకున్నారా" అని.

ముందు కళ్ళ డాక్టరుగారిని అడిగాను. బయటి గాలి తగలకూడదు, లోపలి చెమ్మ పోకూడదు, మందుల ఆవిరి దూరకూడదు అన్నారు. ఏవి సరిపడతాయో పెట్టుకుని చూసుకోవడమే అన్నారు. అన్నీ రాసుకున్నాను.

మొదట బీసెంట్ రోడ్డులో చెంపల దాకా వంగి ఉండే నల్లద్దాలు కొన్నాను. విజయవాడ ఎండకు కూడా పనికొస్తాయి కదా అనుకున్నాను. మర్నాడు పిల్ల అవి పెట్టుకుని గుణదల నుంచి సిటీబస్సు ఎక్కింది. సాయంత్రం వచ్చి చెప్పింది, "నా పక్కన కూర్చున్నావిడ నన్ను చూసి లేచిపోయింది తాతయ్యా. కళ్ళకలక అంట. కాలేజీ దాకా నా పక్క సీటు ఖాళీ. ఎంత హాయిగా వెళ్ళానో." నవ్వుతూనే చెప్పింది కానీ అద్దాలు సంచిలోంచి బయటికి తియ్యలేదు. ల్యాబులో అయితే వాటితో అసలు పనే జరగలేదు. గాజుగొట్టంలోంచి చుక్కచుక్కగా వదులుతుంటే కింద ఫ్లాస్కులో రంగు ఎప్పుడు మారుతుందో పట్టుకోవాలి. నల్లద్దాల్లోంచి ఏం కనిపిస్తుంది? జీవితమంతా ఎరుపూ పచ్చా చూసిన మనిషిని, రంగు తెలియని అద్దాలు కొనిచ్చాను.

రెండోసారి పక్కలు మూసి ఉన్న తెల్లద్దాలు తెచ్చాను. నేను పెట్టుకుని దోమల చక్రం వెలిగించి పొగ దగ్గర కూర్చున్నాను. కింది సందులోంచి పొగ దూరింది. అవి పిల్లదాకా పోనేలేదు.

మూడోది వన్ టౌన్‌లో, ఫ్యాక్టరీ పనివాళ్ళకు చేతితొడుగులూ హెల్మెట్లూ అమ్మే షాపులో దొరికింది. చుట్టూ మెత్తటి రబ్బరు అంచు, తల వెనక్కి సాగే పట్టీ. షాపతను అన్నాడు, "నీళ్ళలో ముంచినా చుక్క లోపలికి రాదండీ."

"రాకపోవడం సరే. లోపల ఆవిరి పడుతుందా?"

"పట్టదండీ, కోటింగ్ ఉంది."

ఇంటికొచ్చి పొగ దగ్గర కూర్చున్నాను. పొగ రాలేదు. ఫ్యాను కింద కూర్చున్నాను. గాలి తగల్లేదు. ఇక ఆవిరి ఒక్కటే మిగిలింది. కిటికీ పక్కన మా ఆవిడ కుర్చీ ఉంది. వెలుతురు బాగుంటుందని అందులో కూర్చుని పేపరు తెరిచాను. ఒక పేజీ అవకముందే అక్షరాలు మసకబారాయి. తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాను. మళ్ళీ మసకే. మర్నాడు అదే కుర్చీలో అదే తంతు. షాపుకు పోయి ఇంకోటి మార్చుకుని వచ్చి చూశాను. అదీ అంతే. పనికిరావని డైరీలో రాసి, అట్టపెట్టెలో పెట్టి గుమ్మం పక్కన ఉంచాను, తిరిగి ఇచ్చెయ్యడానికి.

పిల్ల వచ్చి ఆ పెట్టె చూసింది. "అవి కూడా కాదా?"

"కాదమ్మా. ఆవిరి పట్టేస్తోంది. యాసిడ్ చేతిలో ఉన్నప్పుడు కళ్ళు కనిపించకపోతే ఇంకా ప్రమాదం."

చుక్కలు వేసుకుని, కళ్ళు మూసుకునే అడిగింది, "హిస్టరీకి ల్యాబు ఉండదు కదా తాతయ్యా?"

"ఉండదు."

"అయితే సోమవారం మేడంగారికి చెప్పేస్తాను."

ఆ ఆదివారం సమాధుల పండుగ వచ్చింది. ఆ రోజు మేమందరం పొద్దున్నే వెళ్ళి చనిపోయిన మా వాళ్ళ సమాధుల దగ్గర గడ్డి పీకి, సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఫాదర్‌గారు వచ్చి ఆశీర్వదిస్తారు. ఇన్నేళ్ళూ మా ఆవిడ పిల్లను రానివ్వలేదు. సున్నం చింది కంట్లో పడుతుందని భయం, వందల కొవ్వొత్తుల పొగ ఇంకో భయం. ఈసారి సున్నం కొట్టాల్సింది ఆవిడ సమాధికే.

"నేనొస్తాను," అంది పిల్ల.

"వద్దమ్మా. మీ అమ్మమ్మ ఉంటే ఒప్పుకునేది కాదు."

"ఉంటే వచ్చేదాన్నే కాదు."

సున్నం డబ్బా, కుంచె సర్దుకుంటూ గుమ్మం పక్కనున్న అట్టపెట్టె కూడా తీసింది. "ఎలాగూ పనికిరానివేగా. ఈ పూట వాడుకుని బాగా కడిగేస్తాలే."

సమాధుల తోటలో ఒక పక్కన కూర్చుని సున్నం కొట్టడం మొదలుపెట్టింది. కొత్త సిమెంటు సున్నాన్ని వెంటనే తాగేస్తోంది. వేసిన చోటే మళ్ళీ వెయ్యాల్సి వచ్చింది. చిందిన చుక్కలు అద్దం మీద పడి కిందికి జారుతున్నాయి. నేను గడ్డి పీకుతున్నాను. మధ్యాహ్నం దాటాక చల్లపల్లి నుంచి మా మరదలు పూలబుట్టతో వచ్చింది.

"ఇదేం వేషమే? రాకెట్టు ఎక్కుతున్నావా?"

"సున్నం పడకుండా, చిన్నమ్మమ్మా."

"ఈ మొహం చూస్తే మా అక్క నిన్ను గుర్తుపట్టదు."

"నన్ను తిడుతున్న నీ గొంతు వినిపించిందిగా. నేనూ ఇక్కడే ఉంటానని అనుకుంటుందిలే."

మా మరదలు నవ్వబోయి ఆపుకుంది. బుట్ట కింద పెట్టి పూలు విడదీస్తూ కూర్చుంది.

పొద్దుగూకింది. ఒక్కొక్క సమాధి మీదా కొవ్వొత్తులు వెలిగాయి. గాలి లేదు, పొగ అక్కడే తేలుతోంది. చుట్టూ ప్రార్థన చదువుతున్నవాళ్ళు కొంగులతో, రుమాళ్ళతో కళ్ళు తుడుచుకుంటున్నారు. ఎవరివి ఏడుపో, ఎవరివి పొగో తెలియదు. నాకు పిల్ల గురించి గాభరా పుట్టింది. పొద్దుటి నుంచీ ఆ అద్దాలు తియ్యలేదు.

"తీసెయ్యమ్మా, లోపలంతా ఆవిరి పట్టి ఉంటుంది. కొవ్వొత్తి కూడా కనిపించదు. ఆటో ఎక్కిస్తాను, ఇంటికెళ్ళు."

"కనిపిస్తోంది తాతయ్యా."

"కనిపించడమేంటి?"

"అంచుల్లో కొంచెం మసక, చెమటకి. మధ్యలో ఏమీ లేదు. సిలువ మీద నువ్వు రాయించిన అక్షరాలు కూడా చదువుతున్నాను."

వంగి, కొవ్వొత్తి దగ్గరగా పట్టి చూశాను. అద్దం మీద బయట సున్నం చారలున్నాయి. లోపలంతా తేటగా ఉంది. వెనక ఆమె కళ్ళు రెండూ నన్నే చూస్తూ రెప్ప వేస్తున్నాయి. ఎర్రబడలేదు.

"నాకు పట్టిందిగా. రెండు రోజులు చూశాను. మార్చి తెచ్చి కూడా చూశాను."

"నీ కళ్ళు కారతాయి తాతయ్యా. నావి కారవు."

"వయసమ్మా. ముసలి కళ్ళకి నీళ్ళు కారతాయి."

"అమ్మమ్మ కుర్చీలో కూర్చునేగా చూశావు?"

రెండు రోజులూ పేపరు తెరిచానని రాసుకున్నాను గానీ, అందులో ఏం చదివానో ఇప్పుడు అడిగితే చెప్పలేను. కిటికీలోంచి ఆవిడ వేసిన కరివేపాకు చెట్టు కనిపిస్తుంది.

మా మరదలు ఈ మాటలన్నీ వింది. పూలు పెట్టడం ఆపి పిల్ల పక్కకు జరిగి కూర్చుంది. ఆగస్టులో అన్న మాట ఎత్తలేదు, ఎత్తుతుందని నేనూ అనుకోలేదు. కొంగు చివర ఉమ్మితో తడిపి, పిల్ల అద్దాల మీది సున్నం చారలు ఒక్కొక్కటే తుడిచింది.

"ఇవి రేపు కాలేజీకి కావాలా?"

"కావాలి."

"అయితే ఇంటికెళ్ళగానే కడుక్కో. సున్నం ఎండితే గీతలు పడిపోతాయి." కొంగు దులుపుకుని, "నువ్వు ఇక్కడే కూర్చో. పొగ నాకు ఎక్కువైపోయింది," అని ముక్కు చీదుకుంటూ లేచి వెళ్ళింది. పొగ ఆమె వెళ్ళినవైపే ఎక్కువగా ఉంది.

ఫాదర్‌గారు వచ్చి దీవించిన నీళ్ళు చల్లి వెళ్ళేదాకా పిల్ల కదల్లేదు. అద్దం మీద పడిన ఆ నీళ్ళు మాత్రం తుడుచుకోలేదు.

సోమవారం మేడంగారు అద్దాలు చూసి, తన ముందే పెట్టుకోమని, ఆవిరి వచ్చే బల్ల దగ్గర చాలాసేపు నిలబెట్టారట. తర్వాత తీయించి కళ్ళు చూశారట. సాయంత్రం పిల్ల ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే అంది, "రంగు కనిపించింది తాతయ్యా. లేత గులాబీ. ఒక్క చుక్కకి మారిపోయింది." ఆ మాట చెప్పాల్సిన మనిషి కోసం అలవాటుగా వంటింటి వైపు చూసింది. తర్వాత గదిలోకి వెళ్ళి పుస్తకం తెరిచింది.

నేను వంటింట్లో నీళ్ళు వెచ్చబెట్టాను. "రెప్ప వెయ్యవే," అన్నాను అక్కడి నుంచే. నా గొంతులో ఆ మాట అతకలేదు. కాసేపటికి పిల్ల తల వెనక్కి వాల్చింది. గుడ్డ ముంచి పిండి ఆమె కళ్ళ మీద వేశాను.

ఆమె అలా పడుకుని ఉండగా సంచిలోంచి అద్దాలు తీసి, సబ్బునీళ్ళతో బయటివైపు కడిగాను. తర్వాత తిప్పి పట్టుకుని లోపలివైపు చూశాను. అక్కడ తుడవడానికి ఏమీ లేదు. అయినా తుడిచి, ఆరబెట్టి, కిటికీ పక్కన కుర్చీలో పెట్టాను.