వీడియో గేములో తూము పెదనాన్న

ఆ రోజుల్లో నాకు కుదురనేది ఉండేది కాదు. కూర్చుంటే కాలు ఊపడం, నిలబడితే గోళ్లు కొరకడం. హైదరాబాదులో కొత్త ఉద్యోగం, అదీ ప్రళయం వచ్చి లోకమంతా నాశనమయ్యాక ఏమవుతుందో చూపించే వీడియో గేము తయారుచేసే కంపెనీలో. దారిలో హీరోకు ఎదురుపడే చిల్లర మనుషుల్ని తయారుచేయడం నా పని. "చూస్తే వణుకు పుట్టాలి, ఎందుకో తెలియకూడదు" అనేవాడు మా బాసు. కోరలు పెట్టాను, కళ్లు పీకాను, ఆయన ఆవలించాడు.

ఆ దిగులుతోనే గురజాల దగ్గరి మా ఊరు వెళ్లాను. మా పెదనాన్న ఎప్పుడూ సాగర్ కాలవ తూము మీద కూర్చుని, దారిన పోయే ప్రతివాణ్ణీ ఆపి "ఎవరబ్బాయివిరా నువ్వు?" అని అడిగేవాడు (అందుకే తూము పెదనాన్న అయ్యాడు). నా గోడు విని "నన్ను పెట్టరాదంట్రా?" అన్నాడు. ఫోటోలు తీశాను, ఆ ప్రశ్ననే ఫోనులో రికార్డు చేశాను. కండువా తీయమంటే మాత్రం ససేమిరా అన్నాడు. "లోకం పోతే పోయిందిగానీ కండువా లేకుండా నలుగుర్లో నిలబడతానా?"

తిరిగొచ్చి గేములో పెట్టి చూపించాను: ఎండిన కాలవ, విరిగిన తూము, దాని మీద తెల్ల కండువాతో మా పెదనాన్న. "ఎవరబ్బాయివిరా నువ్వు?" మా బాసు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. నాకు సంతోషంగానే ఉంది కానీ, అసలు చిక్కు ఊళ్లో ఉంది. గేములో తానే పెద్దమనిషినని పెదనాన్న ఊరంతా చాటాడు. తీరా చూస్తే దారిలో జడిపించే చిల్లర మనిషేనని తెలిసి అందరి ముందూ ఆయన పరువు పోతుందేమోనని నాకు ముద్ద దిగలేదు.

గేము వచ్చిన వారం పెదనాన్న వాళ్ల వసారా నిండా జనం. పెదనాన్న అల్లుడు, మా బావ, ఆడుతున్నాడు. తెరమీద పెదనాన్న ప్రశ్న వేయగానే బావ బెదిరి తుపాకీ పేల్చాడు. పెదనాన్న పడలేదు (పెద్దవాళ్లను పడేయడానికి నాకు చేతులు రాలేదు), తల తిప్పి మళ్లీ అడిగాడు. బావ పరుగు. జనం ఒకటే నవ్వు. పెదనాన్న ఒక్కడే నవ్వలేదు.

"లోకమంతా పోయినాక ఒక్క మనిషి కనపడితే, ఎవరబ్బాయివని అడక్కుండా ఎట్టుంటాన్రా? దానికి కాలుస్తాడేంది?"

"ఆట గదా పెదనాన్నా."

"ఆటైతే? ఆగి చెప్పుంటే ఇంత బువ్వ పెట్టేవాణ్ణి గదా!"

తిరిగెళ్లి బాసును బతిమాలి ఒక మార్పు చేయించాను. ఆగి ఫలానావాళ్ల అబ్బాయినని చెప్పినవాడికి పెదనాన్న కండువాలోంచి అన్నం మూట తీసి ఇస్తాడు. "ఎవడాగుతాడయ్యా?" అన్నాడు బాసు. నిజమే, ఆగినవాళ్లు తక్కువ.

మొన్న ఊరెళ్లినప్పుడు అదే తూము మీద ఊరికే కూర్చున్నాను. పెదనాన్న ఇప్పుడు లేడు. నాకూ చెవుల దగ్గర నెరిసింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవడో కుర్రాడు బండి మీద వస్తున్నాడు. నా నోరు ఊరుకోలేదు. "ఎవరబ్బాయివిరా నువ్వు?"

వాడు నన్ను ఎగాదిగా చూసి, బండి వేగం పెంచి పారిపోయాడు. ఆగి ఉంటే ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టేవాణ్ణి.