తలగడ కింద చెరకు కత్తి

పెళ్ళయ్యి అత్తారింటికి బయల్దేరిన రోజు విజయవాడ బస్టాండులో మా ఆయన ఒళ్ళో ఒక గోనె మూట ఉంది. నా పెట్టె నాన్న మోస్తున్నాడు, పరుపు చుట్ట మావయ్య మోస్తున్నాడు, కొత్త పెళ్ళికొడుకు మాత్రం ఆ మూటని ఎవరి చేతికీ ఇవ్వడు. మా వాళ్ళు పెట్టిన అరిసెలేమో అనుకున్నాను. ఎమర్జెన్సీ రోజులవి. కానిస్టేబులు వచ్చి లాఠీతో మూటని పొడిచి, "ఏముందిరా ఇందులో?" అన్నాడు.

"కత్తులండీ" అన్నాడు మా ఆయన, వంకాయలండీ అన్నంత తేలిగ్గా.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మూట విప్పించారు. మూడు కత్తులు. ఒక్కోటి మోచేతి దగ్గర్నుంచి వేళ్ళ కొసల దాకా పొడుగు. ముందు కొస కాస్త లోపలికి వంగి, అంచు తెల్లగా మెరుస్తోంది. పెళ్ళి కోసం ఊళ్ళోకి వచ్చినవాడు, ఎటూ వచ్చాం కదా అని వన్‌టౌన్‌లో కత్తులకి సాన పట్టించుకున్నాడన్నమాట! "చెరకు కొట్టే కత్తులండీ, మాది ఉయ్యూరు అవతల" అన్నాడు. ఆ మాటతో కానిస్టేబులు "సర్లే, కట్టుకో" అని వెళ్ళిపోయాడు. బస్సెక్కాక కండక్టరు కూడా "సీటు కిందికి తొయ్యి బాబూ, కాళ్ళకి తగుల్తాయి" అన్నాడంతే. ఊరు చేరిందాకా నేను కాళ్ళు పైకి ముడుచుకునే కూర్చున్నాను.

నాకు కత్తంటే చెడ్డ భయం. నాన్నది రైల్వేలో గుమాస్తా పని, పటమటలో మా ఇంట్లో ఉన్నదల్లా ఒక్క కత్తిపీట, దాని మీద కూడా అమ్మ నన్ను కూర్చోనిచ్చేది కాదు. అత్తారింట్లో చూరులో కత్తి, గొడ్ల సావిట్లో కత్తి, సైకిలు క్యారియరుకి కత్తి. మగాళ్ళు టీ తాగడానికి వెళ్ళినా వెనక మొలలో కత్తి దోపుకునే వెళ్ళేవాళ్ళు. మొదటి ఆదివారం ప్రార్థనకి వెళ్తే చర్చి అరుగు మీద చెప్పుల పక్కన కత్తులు వరసగా పెట్టి ఉన్నాయి. ప్రార్థన అయ్యాక అట్నుంచి అటే తోటలోకి పోతారట. "దేవుడి దగ్గరికి కత్తులతో వస్తారేంటండీ?" అని మా ఆయన్ని అడిగితే, "లోపలికి తేవట్లేదుగా" అన్నాడు.

మా అత్తయ్యకి నన్ను చూస్తే నవ్వు. "పట్నం పిల్ల, కత్తి చూస్తే కళ్ళు తిరుగుతయ్" అని ఇరుగమ్మకీ పొరుగమ్మకీ చెప్పేది. ఆవిడ మాత్రం ఒక చేత్తో చుట్ట కాలుస్తూ రెండో చేత్తో గొడ్లకి మేతగా చెరకు కొసల దవ్వ నరికేది. కత్తి ఎత్తినప్పుడల్లా నేను కళ్ళు మూసుకునేదాన్ని.

మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చాను. మగపిల్లాడు పుట్టాడు. పది రోజులు కూడా నిండలేదు. పాలు తాగడం మానేశాడు, ఒళ్ళు చల్లబడింది, ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ చూసి తల అడ్డంగా ఊపింది. కబురందుకుని మా అత్తయ్య మొదటి బస్సుకే వచ్చింది. వచ్చి నన్ను పట్టుకుని ఏడవలేదు. పిల్లాణ్ణి పడుకోబెట్టిన మంచం దగ్గరికెళ్ళి, తలగడ ఎత్తి చూసి, "ఇనుమేది?" అంది.

మా వైపు ఆ ఆచారం తెలియని ఇల్లు లేదు. బాలింత మంచంలో, చంటిబిడ్డ తల కింద ఇనుము ఉండాలి. గాలీ ధూళీ దగ్గరికి రాకుండా. అయితే అమ్మ అవన్నీ నమ్మే మనిషి కాదు, తలాపున బైబిలు పెట్టింది, చాలనుకుంది. "పెట్టలేదా? ఒక్క ఇనప ముక్క పెట్టలేకపోయారా?" అంది అత్తయ్య. అమ్మ మొహం చూడలేక నేను గోడ వైపు తిరిగిపోయాను. ఆ క్షణంలో ఆవిడంటే నాకు పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు. పిల్లాడు పోయిన ఇంట్లో అడిగే మాటేనా అది?

రెండోసారి కడుపు నిలిచినప్పుడు అత్తయ్య కచ్చితంగా చెప్పేసింది, "ఈసారి కాన్పు నా ఇంట్లోనే" అని. అమ్మ ఎదురు చెప్పలేదు. "మీ ఇష్టం వదినగారూ" అంది. అంటే అమ్మకీ అనుమానం వచ్చిందన్నమాట.

ఆడపిల్ల పుట్టింది, చెరకు కోతల కాలంలో. పిల్లకి నీళ్ళు పోసి నా పక్కలో పడుకోబెట్టగానే అత్తయ్య వాకిట్లోకెళ్ళి, పనికి బయల్దేరుతున్న మా ఆయన మొలలోంచి కత్తి లాగేసింది. కొత్త కత్తి పనికిరాదట. తండ్రి రోజూ పట్టుకునే కత్తే అయ్యుండాలట, వాడి చేతి చెమట ఇంకిన పిడి ఉండాలట. దాన్ని తెచ్చి గుడ్డ కూడా చుట్టకుండా పిల్ల తల కింద బొంత కిందికి తోసింది. "బిడ్డ పాకేదాకా దీన్ని ఎవ్వరూ కదిలించకూడదు" అంది.

అమ్మో, ఆ రోజులు! పిల్ల తల నా పిడికిలంత. దాని కింద చెరకు నరికే కత్తి. పిల్ల కదిలితే బొంత జరుగుద్దేమో, అంచు బయటికి వస్తుందేమో అని నేను రెప్ప వెయ్యలేదు. తీసి అవతల పారేద్దామని చెయ్యి పెట్టేదాన్ని. ఇనుము చల్లగా తగిలేది. తీస్తే? తీసిన మర్నాడే పాలు మానేస్తే? చెయ్యి వెనక్కి లాక్కునేదాన్ని. ఉంచితే భయం, తీస్తే అంతకంటే భయం. ఇలాంటి పిచ్చి ఆచారం పెట్టినవాళ్ళని నోరారా తిట్టుకుంటూ ఆ కత్తిని మాత్రం జాగ్రత్తగా చూసుకున్నాను.

ఒకరోజు పాస్టరుగారు ప్రార్థనకి వచ్చారు. పిల్ల తల మీద చెయ్యి పెట్టబోయి కత్తి పిడి చూశారు. "ఏంటమ్మా ఇది? ప్రభువు ఉండగా ఈ ఇనుము ఎందుకు? తీసెయ్యండి" అన్నారు. "అట్టాగే అయ్యగారూ, తప్పయిపోయింది" అని అత్తయ్య చప్పున తీసి చీర చెంగు చాటున పెట్టుకుంది. కళ్ళు మూసుకుని ఆమెన్ కూడా గట్టిగా చెప్పింది. ఆయన సైకిలు సందు మలుపు తిరిగిందో లేదో, కత్తి మళ్ళీ బొంత కిందికి చేరింది. నాకు నవ్వొచ్చింది. నిజం చెప్పొద్దూ, కాస్త ఊపిరి కూడా వచ్చింది.

మా ఆయన పని మాత్రం ఆగలేదు. పంచదార ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డరు వచ్చింది, ఇక చెరకు నిలబెట్టకూడదు. ఎవరిదో అరువు కత్తి తెచ్చుకుని ముఠాతో కలిసి కొట్టడం మొదలుపెట్టాడు. దాని పిడి వదులు. చెరకు మొదలు దగ్గర నేలకి ఆనించి కొట్టాలి కదా, ఒక దెబ్బ జారి మోకాలి కింద ఎముక దాకా దిగింది. పసుపు నింపి గుడ్డ కట్టుకుని కుంటుతూ వచ్చాడు. నేను మంచం మీద లేచి కూర్చుని, "అత్తయ్యా, ఆయన కత్తి ఆయనకి ఇచ్చెయ్యండి. ఇంకో దెబ్బ తగిలితే?" అన్నాను.

"వాడు పెద్దోడు. వాడి కాలు మానుద్ది" అంది ఆవిడ.

మా ఆయన నా వైపు చూశాడు, బొంత వైపు చూశాడు, అరువు కత్తే మళ్ళీ మొలలో దోపుకుని వెళ్ళిపోయాడు. ఆయనకీ భయమేనని నాకప్పుడే తెలిసింది.

తోట మా ఇంటి వెనకే. కొట్టుకుంటూ అట్నుంచి ఇటు వస్తారు గనక, తోటలో ఉన్న జీవాలన్నీ వెనక్కి వెనక్కి జరిగి చివరికి మా దొడ్డిపక్క మడిలో చేరతాయి. పందికొక్కులు, పాములు, నక్కలు. చివరి మడి కొట్టేరోజు అవన్నీ ఒక్కసారి బయటపడతాయి. అందుకే ఆ పూట పిల్లల్ని ఎవరూ వాకిట్లో వదలరు. ఆ రోజు రానే వచ్చింది. "తడక మూసుకుని కూర్చో, నేను కాలవకెళ్ళి గుడ్డలు జాడించుకొస్తా" అని అత్తయ్య వెళ్ళింది. మా గదికి తలుపు లేదు, వెదురు తడకే. కింద జానెడు సందు.

మధ్యాహ్నం. పిల్ల పాలు తాగి నిద్రపోయింది. తోటలో అరుపులు వినపడ్డాయి. "నక్క! నక్క! దగ్గరికి పోమాకండి, పిచ్చిది!" అని ఎవరో కేక పెట్టారు. పిచ్చినక్క కరిస్తే బొడ్డు చుట్టూ పొడిచే సూదులు పెద్దవాళ్ళే తట్టుకోలేరు. ఇరవై రోజుల పసిగుడ్డు! తడక దగ్గరికి వెళ్ళి తాడు బిగిద్దామని లేచాను. అంతలోనే తడక కింద సందులో ఒక మూతి కనపడింది. తడిసిపోయిన మూతి, నోట్లోంచి తీగలు తీగలుగా నురగ. అది అరవలేదు. తలతో తడకని తోస్తోంది.

నేను అరిచానో లేదో నాకు గుర్తు లేదు. బొంత కింద చెయ్యి పెట్టి కత్తి లాగాను. తల కిందికి జారి పిల్ల కెవ్వుమంది. ఆ బరువు నేనెరగను, రెండు చేతులతో ఎత్తాను. ఎత్తుతున్నప్పుడు నాకొచ్చిన ఆలోచన నక్క గురించి కాదు. అయ్యో, పిల్ల తల కింద ఇనుము తీసేశానే అని. కళ్ళు మూసుకోలేదు. ఒక్కటే వేటు వేశాను. నక్కకి తగల్లేదు, కత్తి తడక వెదుళ్ళలో దిగబడి ఇరుక్కుపోయింది. తడక అవతల గుర్రుమంది. నేను పిడి వదల్లేదు. ఒళ్ళంతా ఆనించి తడకని అటు నెట్టి పట్టుకున్నాను. అది ఇంకోసారి తోసింది, మరోసారి తోసింది. తర్వాత గోడ వారగా పోతున్న చప్పుడు వినపడింది.

గడ్డివామి దగ్గర మగాళ్ళు చెరకు గడలతో దాన్ని కొట్టి చంపారు. మా ఆయన కుంటుతూ పరిగెత్తుకొచ్చి, "వదులు, చచ్చింది, వదులు" అన్నాడు. నా వేళ్ళు రావడం లేదు. ఒక్కో వేలూ ఆయనే విప్పాడు.

అప్పుడొచ్చింది అత్తయ్య, తడి గుడ్డలు దారిలోనే పారేసి. నక్క ఊసే ఎత్తలేదు. నన్ను దాటుకుని మంచం దగ్గరికి పోయింది, పిల్ల తల కింద తడిమింది, అక్కడేమీ లేదు. ఆవిడ మొహం పాలిపోయింది. "ఇనుమేదే?" అంది.

నాకు ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది. "తీశాను! పిల్లని కాపాడుకోడానికి తీశాను! బతికే ఉంది, కళ్ళు పెట్టుకుని చూడండి! అస్తమానం ఇనుము, ఇనుము. మీ పిల్లలకి పెట్టారా మీరు?" అని అరిచాను. అత్తగారి మీద నేను గొంతెత్తడం అదే మొదలు.

ఆవిడ మంచం పట్టె మీద కూలబడింది. "పెట్టా" అంది. "నీ మొగుడికి ముందు ముగ్గురు. ముగ్గురికీ పెట్టా."

ఆ ముగ్గురి సంగతి నాకెవరూ చెప్పలేదు. మా ఆయన తల దించుకున్నాడు.

"ఏమయ్యారు?" అన్నాను.

"పోయారు."

"మరి పనిచెయ్యదని తెలిసీ ఎందుకత్తయ్యా?"

"పెట్టకుండా ఎట్టా ఉండనే?" అంది ఆవిడ. అరవై ఏళ్ళ మనిషి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. పిల్ల ఊపిరి తీస్తోందో లేదోనని ఇద్దరం దాని పొట్ట మీద చేతులు వేసుకుని చాలాసేపు అట్టాగే ఉన్నాం.

మర్నాడు పొద్దున్న మా ఆయన తడకలోంచి కత్తి పీకి, కడిగి, మొలలో దోపుకోబోయాడు. ఎటూ బయటికి వచ్చేసింది కదా అని ఆయన ఉద్దేశం. నేను చెయ్యి చాపాను. "అక్కడ పెట్టండి. ఇవ్వను" అన్నాను. అత్తయ్య పొయ్యి దగ్గర్నుంచి తలెత్తి కూడా చూడలేదు. కత్తిని నేనే పిల్ల తల కింద పెట్టాను, అంచు గోడ వైపుకి తిప్పి. ఆయన అరువు కత్తితోనే ఆ ఏటి కోతలన్నీ కానిచ్చాడు.

వానాకాలం వచ్చింది. ఒకరోజు నేను బియ్యం ఏరుతుంటే, బొంత మీద బోర్లా పడుకున్న పిల్ల జరిగి జరిగి, తలాపు దాకా పాకి, కత్తి పిడి పట్టుకుని బయటికి లాగుతోంది. "అమ్మో! చెయ్యి తెగుద్ది! అత్తయ్యా, కత్తి!" అని చేట విసిరేసి పరిగెత్తాను. అత్తయ్య నాకంటే ముందే చేరింది. పిల్లని చంకనేసుకుని, వేళ్ళన్నీ చూసి, నా మొహం చూసి పకపకా నవ్వడం మొదలుపెట్టింది. పిల్ల పోతుందేమో అని కాక చెయ్యి తెగుతుందేమో అని ఆ ఇంట్లో భయపడటం అదే మొదటిసారని నాకూ అప్పుడే తట్టింది.

సాయంత్రం మా ఆయన రాగానే, కత్తి చేతికి చేతికి ఇవ్వకూడదు గనక, ఆవిడ దాన్ని ఆయన కాళ్ళ ముందు నేల మీద పెట్టింది.

"తీసుకో అబ్బాయ్" అంది. "పిల్ల ఉన్న ఇల్లు, కాస్త ఎత్తులో పెట్టుకో."