కండువా తీసిన భుజం

మా ఆయన పాఠాలు చెప్పిన బడిలో ఆయన విగ్రహం పెడతామన్నారు. మట్టి నమూనాను ఇంటివాళ్లే చూసి ఒప్పుకోవాలి కాబట్టి మొన్న మార్చిలో విజయనగరం నుంచి సికింద్రాబాద్ వెళ్లాను. కార్ఖానాలో శిల్పి యాదగిరి తడిగుడ్డ తీసి చూపించాడు. ముఖం సరిగ్గానే ఉంది. కానీ భుజాల మీద కండువా ఉంది. ఆయన ఏనాడూ కండువా వేసుకోలేదని యాదగిరితో అన్నాను.

“కుడి భుజం కిందికుండె గదమ్మా, ఫోటోల చూసిన. కనవడొద్దని కప్పిన. పెద్దమనిషికి కండువా ఉంటేనే మంచిగుంటది.”

గోడ మీద ఎవరో రచయిత కంచు విగ్రహం ఫోటో ఉంది. ఎవరు చేశారని అడిగాను. పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ శిల్పి అట. తోలు చేతితొడుగులు కుట్టే ఇంట్లో పుట్టాడు. ఊపిరితిత్తుల జబ్బుతోనే స్మారక విగ్రహాలు చేశాడు. ఆఖరి పెద్ద స్మారకం సగంలో ఉండగా పోతే, శిష్యులు పూర్తి చేశారు.

“అప్పట్ల గొప్పోళ్ల బొమ్మకు నిండ శాలువా కప్పుడే రివాజు. గీ రచయితకు ఆ శిల్పి వద్దన్నడు. రోజు తొడిగే కోటే వేసిండు,” అన్నాడు యాదగిరి గర్వంగా.

“మరి మా ఆయనకెందుకు కప్పావు బాబూ?”

యాదగిరి గోడ మీది ఫోటో వైపు చూసి నవ్వాడు. కండువా మట్టి గీకేసి పక్కకు జరిగాడు. “ఎంత కిందికుండెనో చూపియ్యున్రమ్మా.”

అంగుళాల్లో చెబుతానన్నాను.

“అంగుళాలొద్దు. చెయ్యివెట్టున్రి.”

మా వైపు శిల్పులు తమ మట్టిని ఇంకొకరిని ముట్టుకోనివ్వరు. ముప్పై ఎనిమిదేళ్లు స్కూటర్ వెనక కూర్చుని ఆ భుజమే పట్టుకున్నాను. మట్టి భుజం మీద అరచేయి ఆనించి నొక్కాను. ఎక్కడ ఆపాలో ఆలోచించవలసిన పని పడలేదు.