కొండ మీద వాకీటాకీలో సహన గొంతు

మా ఇంట్లో ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళి గిన్నెలు తోముకునే రకం నేను. భయంతో కాదు, విసుగుతో. బాతెల్ అనే ఊళ్ళో ఒక బయోటెక్ ల్యాబ్‌లో పని చేస్తాను. ఒకసారి వచ్చిన రిజల్ట్ మళ్ళీ రాకపోతే దాన్ని పక్కన పడేయడం నా ఉద్యోగంలో భాగం. ఇప్పుడు చెప్పబోయేది ఒక్కసారే జరిగింది. కానీ పక్కన పడేయలేకపోతున్నాను.

ఎల్క్ వేట ఆలోచన మా అమ్మాయి సహనది. ఈ దేశంలోనే పుట్టింది, వైల్డ్‌లైఫ్ బయాలజీ చదివింది. ఎల్క్ అంటే దాదాపు గుర్రమంత ఉండే దుప్పి. మా తమ్ముడు ప్రదీప్ ఆఫీసులో ఒకాయన ఏటా వేటకి వెళ్ళి, కొంత మాంసం మాకూ పంపేవాడు. గసగసాలు, కొబ్బరి నూరి మేకమాంసంలాగే వండేదాన్ని. ఒకరోజు తింటూ తింటూ సహన అంది, ఎవరో చంపింది తినడం కాదు, ఒక్కసారైనా ఆ పని మనమే చేసి చూడాలని. సరదాకి అందనుకున్నాను. తను వేట లైసెన్స్ కోసం క్లాసులో చేరాక గానీ అది సరదా కాదని నాకు అర్థం కాలేదు.

జనవరిలో తను న్యూజెర్సీలో ఉద్యోగంలో చేరాలి. కాబట్టి ఆ ఏటి వేట సీజన్ దాటితే మళ్ళీ ఎప్పుడో.

గైడ్‌ని పెట్టుకుంటే ఎంతవుతుందో కనుక్కుని ప్రదీప్ ఆ మాటే మళ్ళీ ఎత్తలేదు. మన రాష్ట్రంలోనే, ఎవరైనా వేటాడుకోగల పబ్లిక్ ల్యాండ్‌లో, మనంతట మనమే వెళ్దాం అన్నాడు. రైఫిల్ తనకి ఉంది. టెంట్ స్నేహితులు ఇచ్చారు. తలా ఒక వంటకం పట్టుకెళ్ళే పాట్‌లక్ విందులకి తీసుకెళ్ళే కూలర్లే మాంసానికీ అనుకున్నాం. మా వారు శాకాహారి. ఆ కూలర్లలో మళ్ళీ తన పెరుగన్నం పెట్టొద్దని మాత్రం చెప్పారు. రెండు వాకీటాకీలు ప్రదీప్ ఎవరి దగ్గరో వాడినవి చవగ్గా కొన్నాడు.

తిండి, బట్టలు, దారులు నా బాధ్యత. ఆ నెలంతా నాకు ఒక చోట కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. లంచ్‌లో మ్యాప్ తెరిచేదాన్ని, మూసేదాన్ని. తుపాకీ, మంచు, నా మోకాలు, అన్నీ భయమే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

సీజన్ మొదలవకముందే ఒకసారి చోటు చూసి వద్దామని సెప్టెంబర్‌లో కాస్కేడ్ కొండలు దాటి వెళ్ళాం. ఎండ బాగా కాస్తోంది. పాతకాలం కలప లారీల మట్టి రోడ్డు మీద కాసేపు నడిచాక, గట్టెక్కి ఎల్క్‌లు తిరిగిన గుర్తులు చూసొస్తామని ప్రదీప్, సహన పైకి వెళ్ళారు. నా మోకాలికి అంత ఎక్కుడు పనికిరాదు. ఒక వాకీటాకీ నాకిచ్చి, రోడ్డు వదలకుండా కార్ దగ్గరికి వెళ్ళిపోమన్నారు.

రోడ్డు చుట్టూ తిరిగి పోతోంది. మ్యాప్‌లో చూస్తే, ఎడమ పక్క వాలు దిగి వాగు వెంట పోతే కార్ దగ్గరే. నాకు అసలే ఒంటరిగా చిరాగ్గా ఉంది. దిగడం మొదలుపెట్టాను.

పదడుగులు వేశానో లేదో, భుజానికి తగిలించుకున్న వాకీటాకీ గరగరమంది. తర్వాత సహన గొంతు.

"అమ్మా, కిందికి వెళ్ళకు. నేను మళ్ళీ చెప్పేదాకా అక్కడే కూర్చో."

మొదటి మాటకే చేతిలోకి తీసుకుని చూశాను. అవతలి నుంచి సిగ్నల్ అందితేనే వెలిగే పచ్చలైటు, మాట వస్తున్నంతసేపూ దాని మీద వెలిగే ఉంది. బటన్ నొక్కి ఎందుకని అడిగాను. జవాబు లేదు. మళ్ళీ అడిగాను. లేదు.

పడిపోయిన చెట్టు మొద్దు ఒకటి ఉంటే దాని మీద కూర్చున్నాను. ఎలుగుబంటిని చూశారేమో అనుకున్నాను. ఇద్దరిలో ఎవరికైనా దెబ్బ తగిలిందేమో అనుకున్నాను. లేవబోవడం, మళ్ళీ కూర్చోవడం. ఎంతసేపని చెప్పలేను గానీ, మొద్దు మీద పడ్డ ఎండ జరిగి నీడలోకి వచ్చేశాను. ఏదో తేడాగా ఉందని మాత్రం మనసులో పీకుతోంది. అదేమిటో అందడం లేదు.

చివరికి వెనక రోడ్డు మీద నుంచి ఇద్దరూ నన్ను పిలుస్తూ వచ్చారు. గట్టు మీద నుంచి నేరుగా కార్ దగ్గరికి దిగి, నేను లేనని చూసి, కంగారుగా వెనక్కి నడిచారట. ఇక్కడెందుకు కూర్చున్నావని ప్రదీప్ కోప్పడ్డాడు. నువ్వే కదా కూర్చోమన్నావని సహన వైపు చూశాను.

"నేను నీకు కాల్ చేయలేదమ్మా," అంది.

ప్రదీప్ బ్యాగ్ దించి అడుగు నుంచి తన వాకీటాకీ తీశాడు. ఆఫ్‌లో ఉంది. బ్యాటరీ అయిపోతుందని పైకి ఎక్కకముందే ఆఫ్ చేశాడట. సహన దాన్ని ముట్టుకోనే లేదు.

విన్న మాటలు యథాతథంగా చెప్పాను. సహన నెమ్మదిగా తిరిగి పలికింది. "కిందికి వెల్లకు... మల్లీ చెప్పేదాకా..."

అప్పుడు తెలిసింది నన్ను పీకింది ఏమిటో. సహనకి చిన్నప్పటి నుంచీ 'ళ' పలకదు. నీల్లు అంటుంది, కాల్లు అంటుంది. నేర్పించీ నేర్పించీ వదిలేశాను. నేను విన్న గొంతు తనదే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ గొంతు 'వెళ్ళకు' అని మా ఊరి వాళ్ళలాగా, నాలుక మడిచి, స్పష్టంగా అంది.

ప్రదీప్ వాకీటాకీని మళ్ళీ బ్యాగ్‌లో పడేశాడు. తర్వాత, "కింద ఏముందో చూసొస్తా అక్కా," అన్నాడు. వద్దని చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుని దిగాడు. త్వరగానే వచ్చేశాడు. వాగు, పొదలు, కొంచెం చదును నేల. అక్కడ గడ్డి పెద్ద పెద్ద పడకల్లా అణిగి ఉందట. ఎల్క్‌లు పడుకున్న చోటు. మరేం లేదన్నాడు. మేం వెతుకుతున్న చోటు అదే.

నవంబర్‌లో అక్కడికే వెళ్ళాం. మంచు పడింది. కొట్టడానికి చట్టం ఒప్పుకునే ఒక కుర్ర మగ ఎల్క్‌ని సహన కొట్టింది. అది ఒక్క గుండుతో పడింది. తర్వాత సహన దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ముక్కలు చేసి రోడ్డు మీదికి మోసుకొచ్చాం. నేనూ ఆ వాలు దిగాను, ఎక్కాను. వాకీటాకీ ఆన్‌లోనే పెట్టుకున్నాను. ఎవరూ నన్ను ఆపలేదు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇంకెవరి మాటలో అదే ఛానెల్‌లో వినపడి ఉంటాయని ప్రదీప్ అంటాడు. ఆ కొండల్లో, మా అమ్మాయి గొంతుతో, తెలుగులో? ఒంటరితనంలో నా మనసే కల్పించిందని మా వారి అభిప్రాయం. కావచ్చు. మరి ఆ పచ్చలైటు కూడా మనసే వెలిగించిందా? ఆ రోజు దిగి ఉంటే ఏమయ్యేదో, అసలు ఏమైనా అయ్యేదో కాదో, అదీ తెలియదు.

ఈ ఏడు సహన సెలవు పెట్టి వస్తానంది. మళ్ళీ ప్లాన్ మొదలుపెట్టాం. కొత్త చోటు వెతుకుదామని ప్రదీప్ రెండు మూడు మ్యాపులు పంపాడు. మంచి చోట్లే, దగ్గర కూడా. నేను వాటిని తెరిచి కూడా చూడకుండా, అక్కడికే వెళ్దాం అని మెసేజ్ పెట్టాను.

ఎందుకలా పెట్టానో నాకే తెలియదు.