గోడ మీద టచింగ్

టచింగ్ బాబాయ్ అంటే ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఆయన అసలు పేరు పెళ్ళాం కూడా మర్చిపోయి ఉంటుందని వేళాకోళమాడేవాళ్ళు. మెయిన్ రోడ్డు మీద ఫోటో స్టూడియో ఆయనది. మొహం నిండా మొటిమలుండనీ, కళ్ళ కింద నలుపుండనీ, పెళ్ళికొడుకు బట్టతల తళతళలాడనీ, బాబాయ్ కాసేపు కంప్యూటర్ ముందు కూర్చున్నాడంటే అంతా మాయం. "బాబాయ్, నన్ను కాస్త మనిషిలా చేసి పెట్టు" అని ఎవరైనా బతిమాలితే, "నిన్నా? దానికి స్టూడియో చాలదు, వర్క్‌షాపు కావాలి" అనేవాడు.

ఆయనకో పిచ్చి ఉండేది. రోజూ పొద్దున షట్టర్ ఎత్తగానే గుమ్మంలో నిలబడి వీధిని ఒక్క ఫోటో తీసేవాడు. వాన కురవనీ, వడగాలి కొట్టనీ, ఒళ్ళు కాలిపోతూ జ్వరం ఉండనీ, మానేది లేదు. చలికాలమైతే మంచులోంచి సగం బయటపడ్డ పాలబండి. ఎండాకాలం కరెంటు స్తంభం నీడలో ఒకరి వెనక ఒకరు సర్దుకుని బస్సు కోసం చూసే జనం. వానల్లో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచే టీచరమ్మ. ఏ రోజు ఫోటో ఆ రోజే ప్రింటు తీసి స్టూడియో బయట అద్దాల పెట్టెలో పెట్టేవాడు. పోయేవాళ్ళు ఆగి, "అరె, ఇందులో నేనున్నా!" అని మురిసిపోయేవాళ్ళు. ఆ మురిపెం చూస్తే బాబాయ్‌కి అన్నం తినకపోయినా కడుపు నిండేది.

తీసింది తీసినట్టు పెడితే ఆయన టచింగ్ బాబాయ్ ఎందుకవుతాడు? వీధిని కూడా మొహాన్ని చూసినట్టే చూసేవాడు. చెత్తకుప్ప ఉంటే తీసేసేవాడు. తెగి వేలాడే కేబుల్ వైరు తీసేసేవాడు. ఊరు ఆ పెట్టెలో ఉన్నంత శుభ్రంగా ఊళ్ళో ఎప్పుడూ లేదు.

స్టూడియోకి ఎదురుగా, రోడ్డు పొడుగునా బస్తాల గోడౌన్ గోడ. ఫోటోలో సగం అదే. బాబాయ్ చెల్లెలి భర్త ఆ గోడౌన్‌లోనే కాటా దగ్గర పనిచేసేవాడు. రోజూ సైకిలు గోడవారగా నిలబెట్టి, "బావా, ఇవాళైనా నా పొట్ట తగ్గించు!" అని ఇటు కేకేసి లోపలికెళ్ళేవాడు.

ఎండలు తగ్గి మొదటి వానలు పడ్డాక ఆ గోడకి పగులు పట్టింది. మొదట వెంట్రుకంత. పోనుపోను వేలు దూరేంత. పైనుంచి ఏటవాలుగా దిగి, మధ్యలో రెండుగా చీలింది. దాన్ని చూస్తే బాబాయ్‌కి ఒళ్ళు మండింది. నున్నటి బుగ్గ మీద కత్తిగాటులా ఏంటీ వికారం! ఫోటోలోనే పక్కనున్న మంచి సున్నం ముక్క తీసుకుని పగులు మీద అద్దేశాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కంప్యూటర్లో చోటు కలిసొస్తుందని, అసలు ఫోటో ఉంచకుండా దిద్దినదే దాని మీద సేవ్ చేసేవాడు.

ఓ పొద్దున చెల్లెలి భర్త లోపలికెళ్ళకుండా గోడ దగ్గరే నిలబడి, వేలెత్తి పగులు చూపించాడు. "బావా, ఇది పడేలా తియ్యి!" అన్నాడు. బాబాయ్ తీశాక అతను రోడ్డు దాటి వచ్చాడు. "మేనేజరుకి చెప్పి చెప్పి విసుగొచ్చింది బావా. 'నువ్వేమన్నా ఇంజనీరువా, పోయి పని చూసుకో' అంటాడు. నీ పెట్టెలో పెడితే ఊరంతా చూస్తుంది. అప్పుడైనా సిగ్గొస్తుంది."

"సరేలే బావా, పెడతాలే" అన్నాడు బాబాయ్.

అన్నాడు గానీ, కంప్యూటర్ ముందు కూర్చునేసరికి మనసొప్పలేదు. ఇది పెడితే ఫోటో బాగుందనేవాడు ఒక్కడుండడు, అందరూ గోడ గురించే పంచాయితీ పెడతారు. పగులు చెరిపేశాడు. వేలెత్తి నిలబడ్డ మనిషి మాత్రం భలే కుదిరాడనుకున్నాడు. అదేం బుద్ధో! అడిగినవాడు దారినపోయే దానయ్యా? సొంత చెల్లెలి మొగుడు! మర్నాడు అతను పెట్టె ముందు ఆగి, అద్దంలోకి చూసి, "ఏంటి బావా ఇది" అన్నాడు. "ఇంకోసారి తీద్దాంలే" అని సర్దిచెప్పి పంపాడు బాబాయ్.

ఆ తర్వాత ముసురు పట్టింది. ముసురు వదలని ఓ పొద్దున బాబాయ్ షట్టర్ తాళం తీస్తుంటే, వెనక గోడౌన్ గోడ కూలింది. తిరిగి చూస్తే ఇటుకల్లోంచి సైకిలు హ్యాండిలొక్కటే కనిపించింది. గోళ్ళు ఊడేలా ఇటుకలు లాగాడు. జనమంతా లాగారు. మనిషి దక్కలేదు.

"నిన్నటిదాకా రాయిలా ఉన్న గోడండీ. వాన చేసినదానికి మేమేం చేస్తాం?" అన్నాడు మేనేజరు. సాయంత్రానికల్లా శిథిలాలు లారీకెత్తించేశాడు. పగులు చూడనివాళ్ళు గోడౌన్‌లో ఎవరున్నారు? కానీ ఒక్కరి నోరూ పెగల్లేదు. మర్నాడు మళ్ళీ అక్కడికే పనికెళ్ళాలి మరి.

విచారణకి ఆఫీసరొస్తున్నాడని తెలిసి చెల్లెలు స్టూడియోకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయినా, ఆ రోజు మొహంలో కాస్త ప్రాణం ఉంది. "అన్నయ్యా, ఇక ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. నువ్వు రోజూ తీశావుగా! ఆయన ముందే చెప్పాడనీ, వీళ్ళే వినలేదనీ తేలాలి. నాకంతే చాలు. తియ్యి, చూపించు."

బాబాయ్ ఒక్కో ఫోటో తెరిచాడు. తెల్లగా, నున్నగా గోడ. "ఇది కాదు, తర్వాతది" అంది చెల్లెలు. గోడ. "ఆ తర్వాతది." గోడ. చివరికి భర్త వేలెత్తి నిలబడ్డ ఫోటో వచ్చింది. ఆ వేలు చూపిస్తున్న చోటు చూసింది.

"నువ్వా అన్నయ్యా?"

బాబాయ్ రెండు చేతుల్లో మొహం దాచుకుని బావురుమన్నాడు. చెల్లెలు ఓదార్చలేదు. ఎందుకు ఓదార్చాలి?

విచారణలో లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. "పగులుండేదండీ. ఈ చేత్తోనే చెరిపేశాను." మేనేజరు ఫోను తీసి ఆఫీసరు ముందు పెట్టాడు. అద్దాల పెట్టెలోని ఫోటోలన్నీ అందులోకి ఎప్పుడో ఎక్కించుకున్నాడు, మహానుభావుడు! "ఆయన తీసినవేనండీ. పాపం, చెల్లెలి బాధ చూడలేక అలా అంటున్నాడు." ఆఫీసరు ఫోటోలు చూశాడు, బాబాయ్‌ని జాలిగా చూశాడు. ప్రమాదానికి కారణం వాన అని రాసుకుని వెళ్ళిపోయాడు.

బాబాయ్ మళ్ళీ వీధిని ఫోటో తీయలేదు. అద్దాల పెట్టె ఖాళీగా దుమ్ము పట్టింది.

చలి మొదలయ్యాక చెల్లెలు కబురు పంపింది. ఇంట్లో గోడకి పెట్టుకోవడానికి భర్త ఫోటో కావాలి, టచింగ్ చెయ్యొద్దు అని. ఎంత వెతికినా మొహం స్పష్టంగా ఉన్నది, వేలెత్తి నిలబడ్డ ఆ ఫోటో ఒక్కటే దొరికింది. పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి తనే తీసుకెళ్ళాడు. చెల్లెలు తలుపు తీసింది, రా అనలేదు. ఆయనే స్టూలెక్కి మేకు కొట్టి తగిలించాడు.

మేనకోడలు కింద నిలబడి తలెత్తి చూస్తోంది.

"మామయ్యా, నాన్న ఏం చూపిస్తున్నాడు?"

"గోడ తల్లీ" అన్నాడు.

పిల్ల కళ్ళు చికిలించి ఇంకా దగ్గరగా చూసింది. "గోడకేమైంది మామయ్యా? బాగానే ఉందిగా!"