ఏ మీట నొక్కినా ఎంపీసీయే

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి ఒక ధీమా ఉంటుంది చూశారూ, లోకమంతా తన బుర్ర కోసమే కాచుక్కూర్చుందని, అది నాకు కాస్త ఎక్కువ పాళ్ళలోనే ఉండేది. బెజవాడలో ఒక బేకరీ పైన రెండు గదుల ఆఫీసు. ఫోన్లో ఆడుకునే కథల గేమ్‌లు తయారు చేసేవాళ్ళం. కథ చదువుతూ పోతుంటే మధ్యలో ఒక ప్రశ్న వస్తుంది, దాని కింద రెండు మూడు మీటలుంటాయి, ఏది నొక్కితే కథ అటు తిరగాలి. తిరగాలి అన్నాను గానీ తిరిగేది కాదు. (రాసింది నేనే కాబట్టి ఇంత ధైర్యంగా చెబుతున్నాను.) బొమ్మలు గీయించే స్తోమత ఒక్క దారికే ఉండడంతో మా బాసుగారు మొదట్లోనే తేల్చేశారు: "ఆడేవాళ్ళు ఏది నొక్కితే ఏంటయ్యా! హాస్టల్ బొమ్మ గీయించేశాం కదా, ఎటు తిప్పినా కథలో పిల్లని అక్కడికే తోలుకొచ్చెయ్." నేనూ బుద్ధిగా తోలుకొచ్చేశాను.

ఆ గేమ్‌కి పెట్టుబడి పెడతానన్న కంకిపాడు పెద్దమనిషి ఒకటే మెలిక పెట్టారు, తన భార్య ఆడి చూసి ఊఁ అనాలని. ఊఁహూఁ అంటే ఆఫీసుకి తాళం, నాకు మా నాన్న ఎప్పట్నుంచో సిద్ధం చేసి ఉంచిన బ్యాంకు పరీక్షల కోచింగు. ఆవిడ ఒక మధ్యాహ్నం వచ్చి, కుర్చీలో సర్దుకుని కూర్చుని, ఫోను చేతిలోకి తీసుకుని కళ్ళజోడు సవరించుకునేసరికి నేను పక్క కుర్చీ లాక్కుని తెర మీదకి తొంగి చూశాను.

కథలో పదో తరగతి పాసైన పిల్ల మేనత్త ఇంటికి వెళుతుంది. "భోంచేసి వెళ్తావా?" అని మేనత్త అడుగుతుంది. ఆవిడ "వద్దత్తా" అన్న మీట నొక్కారు. చచ్చాంరా దేవుడా అనుకున్నాను. తెర మీద మేనత్త "అదేం మాటే, కూర్చో" అంటూ విస్తరేసి ముద్దపప్పు వడ్డించేసింది! ఆవిడ పకపకా నవ్వారు. "భలే రాశావు బాబూ! వద్దంటే మాత్రం పెట్టకుండా పంపిస్తారేంటి? మా ఇంట్లోనూ ఇంతే." బాసుగారు నా వీపు తట్టారు. నేను కూడా, ఎంతో ఆలోచించి రాసినవాడిలా ముసిముసిగా నవ్వాను. సిగ్గు లేకపోతే సరి!

తర్వాతి ప్రశ్న పిల్ల తండ్రిది. "ఇంటర్లో ఏం తీసుకుంటావమ్మా?" కింద మూడు మీటలు: ఎంపీసీ, బైపీసీ, కూచిపూడి వెళ్ళి నాట్యం నేర్చుకుంటాను. ఆవిడ వేలు కాసేపు గాల్లో ఆగి, మూడోదాని మీద వాలింది. "నీ ఇష్టమే మా ఇష్టం తల్లీ" అన్నాడు తండ్రి. మరుక్షణం పిల్ల ట్రంకుపెట్టెతో సహా ఎంపీసీ హాస్టల్ గేటు ముందుంది. తప్పు నొక్కానేమో అని ఆవిడ వెనక్కి వెళ్ళి మళ్ళీ నాట్యమే నొక్కారు. మళ్ళీ హాస్టల్. మూడోసారి గట్టిగా అదిమి నొక్కారు. అదే గేటు, అదే పెట్టె.

"నెట్టు కొంచెం స్లోగా ఉందండీ" అన్నారు బాసుగారు.

"నెట్టేంటండీ! ఆ పిల్లని ముందే అక్కడ పడేసి ఉంచారు మీరు. మరి అడగడం దేనికీ?"

నా నోరు ఊరుకుంటుందా? "అడక్కపోతే బాగోదండీ. అడిగితే వాళ్ళే తేల్చుకున్నట్టుంటుంది" అనేశాను. బాసుగారు బల్ల కింద నా కాలు తొక్కారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

ఆవిడకి కోపం రాలేదు. ఫోను మెల్లగా బల్ల మీద పెట్టారు. "మేమూ అందుకే అడిగాం" అన్నారు. "మా అమ్మాయిని. నాట్యం అంది. సరే, ఇంకోసారి ఆలోచించుకో అన్నాం. మళ్ళీ అదే అంది. ఇదిగో, ఇలాగే అది కూడా మూడుసార్లు చెప్పింది బాబూ. ఎంపీసీలో చేర్చేశాం. ఇప్పుడేం అడిగినా 'నీ ఇష్టం అమ్మా' అంటుంది. బుద్ధిమంతురాలని ఊరంతా చెప్పుకున్నాను నేను."

నాకు చాలా బాధేసింది. లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చాను. ఆవిడ తాగి, లేచి, "ఆయనకి ఊఁ అనే చెబుతాను. ఆ మూడో మీట మాత్రం పనిచెయ్యాలి" అనేసి మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఆ దారి నేను ప్రాణం పెట్టి రాశాను. గేమ్ బయటికి వచ్చాక ఒక ఆదివారం ఆవిడ ఫోన్ చేశారు, గుసగుసగా. "బాబూ, మా అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది. నీ గేమ్ ఆడమని నా ఫోనిచ్చాను. ఆ ప్రశ్న దగ్గరికి వచ్చింది."

"ఏది నొక్కారండీ?" అన్నాను ఆత్రంగా.

"ఏదీ నొక్కలా. 'నువ్వు నొక్కమ్మా' అని నాకే ఇవ్వబోయింది. నేను తీసుకోలా. వంటింట్లోకి వచ్చేసి మా ఆయన ఫోన్లోంచి నీకు చేస్తున్నాను. హాల్లో అలాగే చూస్తూ కూర్చుంది. గట్టిగా మాట్లాడకు, వింటుంది."

హాల్లోంచి మీట నొక్కిన చప్పుడు వినిపిస్తుందేమోనని ఇద్దరం ఫోన్లు చెవులకి ఆనించుకుని కాచుక్కూర్చున్నాం. దారి వేసేస్తే చాలు, మనుషులు పరుగున వచ్చి నడిచేస్తారనుకున్న నాలోని ఆ కుర్రకుంకని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది.