మెట్టు చెప్పే గొంతు

మా మామగారి చేతికి బరువు ఇవ్వకూడదనేది మా ఇంట్లో చట్టం. ఆ చట్టం చేసింది ఆయన కూతురు, అంటే మా ఆవిడ. నీళ్ళ బకెట్టు, కూరగాయల సంచి, తడిబట్టల తొట్టి అన్నీ నిషేధమే. ఆయన వంగబోతే చాలు, వంటింట్లోంచి "నాన్నా!" అని కేక వచ్చేది. ఆవిడకి వీపు మీద కూడా కళ్ళున్నాయేమోనని నా అనుమానం. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి బతికేవాణ్ణి కాబట్టి, కళ్ళ సంగతి నాకు కొంత తెలుసు.

బతుకంతా బరువులు మోసిన మనిషికి అంతకంటే పెద్ద శిక్ష ఉండదు. మామయ్య ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోసేవారు. బీరువాలు, ఫ్రిజ్‌లు, రాతిపలక వేసిన బల్లలు, అన్నీ లిఫ్టు లేని ఇళ్ళలోనే. అది ఒక్కరు చేసే పని కాదు. జతగా ఇంకొకాయన ఉండేవాడు. అసలు పేరేమిటో మరి, ఊరంతా నిచ్చెన అనే పిలిచేది, అంత పొడుగు. మామయ్య పొట్టిగా, దిట్టంగా ఉంటారు. అందుకని మెట్ల మీద మామయ్య పైన, నిచ్చెన కింద. బరువంతా కిందివాడి మీదే పడుతుంది. పైగా దిగేటప్పుడు అతను వెనక్కి నడవాలి. నిచ్చెన పాదంతో తడుముకుంటూ "మెట్టూ... మెట్టూ... మలుపూ..." అని సాగదీసి చెబుతుంటే, ఆ గొంతు పట్టుకుని మామయ్య అడుగు వేసేవారు. మధ్యలో బీరువా ఉండేసరికి ఒకరికొకరు కనపడేవాళ్ళు కాదు.

"వాడి మొహం కంటే వాడి గొంతే నాకు బాగా తెలుసయ్యా అల్లుడూ" అనేవారు మామయ్య.

నిచ్చెన ఒక మధ్యాహ్నం భోంచేసి గోడకి చేరగిలబడ్డాడు, మళ్ళీ లేవలేదు. తర్వాత కొన్నాళ్ళు మామయ్య ఇంకో మనిషితో పనిచేశారు. అతనికి బలం ఉంది గానీ నోరు లేదు. మెట్లు చెప్పేవాడు కాదు. ఒకరోజు మామయ్య ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేశారు, అది లేదు. నడుం పట్టేసింది. ఇక బరువులు ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు, మా ఆవిడ చట్టం ఆ రోజే పుట్టింది.

అప్పటి నుంచి ఆయన కిటికీ దగ్గర కుర్చీకి అతుక్కుపోయారు. వీధిలో సామాన్ల లారీ ఆగిందంటే అంతే, టీ చల్లారిపోయినా పట్టించుకునేవారు కాదు. "చూడు, ఒకడితో ఒకడు మాట్లాడట్లేదు. అట్లా మోస్తారా ఎవరైనా?" అని బాధపడిపోయేవారు. ఎవరింటికి వెళ్ళినా, కూర్చోబోయే ముందు కుర్చీని రెండు వేళ్ళతో కాస్త ఎత్తి చూసేవారు. మర్యాదగా ఉండదని మా ఆవిడ కళ్ళెర్రజేసేది.

ఆవిడ బట్టలుతికి ఇస్త్రీ చేసే ఒక దుకాణంలో కౌంటరు చూస్తుంది. ఒక సాయంత్రం మెట్లెక్కి వచ్చింది. భుజానికి సంచి, ఒక చేతిలో ఇస్త్రీ మూట, రెండో చేతిలోంచి జారిపోతూ ఒక కుక్కపిల్ల. తలుపు తీసింది మామయ్య.

"నాన్నా, పట్టుకో పట్టుకో!"

తన చట్టం తనే మర్చిపోయింది. మామయ్య రెండు చేతులూ చాపి పట్టుకున్నారు. బూడిదరంగు పిల్ల. ఒళ్ళంతా ముడతలు, పాదాలు మాత్రం ఇంకెవరివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి.

"ఏ జాతి?" అన్నాను.

"గ్రేట్ డేన్ అట. దుకాణానికి వచ్చే ఒకావిడ వేరే ఊరు వెళ్ళిపోతూ ఇచ్చింది. కాస్త పెద్దగా అవుతుందట."

"కాస్త అంటే?"

"కాస్తే!"

ఆ కాస్తే మా కొంప ముంచింది. ఫోనులో ఆ జాతి కుక్క బొమ్మ వెతికి చూశాను. ఒక మనిషి భుజాల మీద ముందుకాళ్ళు వేసి, అతని నెత్తి మీదుగా అటువైపు చూస్తోంది కుక్క. మాది రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ముగ్గురం ఒకేసారి నిలబడితే నాలుగోవాళ్ళు బయటే ఉండాలి. ఇది కుక్కా దూడా, దీన్ని ఎక్కడ కట్టేస్తాం అని నేను గొంతు చించుకుంటున్నాను. మామయ్య వినడం లేదు. పిల్ల ఆయన మోచేతి మీద గడ్డం ఆనించి నిద్రపోయింది. ఆయన దాన్ని కొద్దిగా పైకి, కొద్దిగా కిందికి ఊపి బరువు చూసుకుంటున్నారు. అంత తృప్తిగా ఆయన్ని నేను రెండేళ్ళలో చూడలేదు. మా ఆవిడ కూడా చూసింది. ఇచ్చెయ్యమని తండ్రి ముందు చెయ్యి చాపలేకపోయింది.

దానికి నలుసు అని పేరు పెట్టింది. మా ఆవిడకి హాస్యం తక్కువేమీ కాదు.

మర్నాడు పశువుల డాక్టరమ్మ చెప్పింది. ఈ జాతి పిల్లలు చూస్తూ ఉండగానే పెరిగిపోతాయి, ఎముకలు మాత్రం గట్టిపడటానికి టైం పడుతుంది. ఏడాది దాటేదాకా మెట్లు ఎక్కనివ్వద్దు, దిగనివ్వద్దు, కీళ్ళు పాడైతే జన్మంతా కుంటుతుంది.

"మరి బయటికెట్లా?" అంది మా ఆవిడ.

"ఎత్తుకుని దిగాలి."

మామయ్య చెవులు నిక్కబొడుచుకోవడం నేను చూశాను.

చట్టానికి సవరణ వచ్చింది. నలుసును ఎత్తుకోవచ్చు, అది చిన్నగా ఉన్నంతకాలం మాత్రమే. ఇక మామయ్యకి వేరే పని లేదు. నలుసు మూలుగుతుందా, చెప్పులేసుకుందామా అని ఎదురుచూడటమే. అది అడక్కపోయినా ఈయన అడిగేవారు. కింద వీధిలో దాన్ని దింపి, అది పని ముగించేదాకా నిలబడి, మళ్ళీ ఎత్తుకుని వచ్చేవారు. మెట్ల మీద ఎవరైనా ఎదురుపడితే "దారి, దారి" అని పాత గొంతుతో కేకేసేవారు.

నలుసు పెరగడం ఆయన కోసం ఆగలేదు. ఈ వారం బల్ల కింద పడుకున్నది వచ్చే వారానికి బల్లను నెత్తి మీద పెట్టుకుని లేచేది. తోక ఊపితే గ్లాసులు గోడకు కొట్టుకునేవి. సోఫా మీద దాని తల ఒక్కటే పట్టేది, మిగతా నలుసంతా కింద ఉండేది. ఒకరోజు మా ఆవిడ పనిలోంచి త్వరగా వచ్చేసరికి, మెట్ల మలుపులో మామయ్య గోడకి వీపు ఆనించి, కళ్ళు మూసుకుని, నలుసుని మాత్రం వదలకుండా నిలబడి ఉన్నారు. మొహం చెమటతో తడిసిపోయి ఉంది.

ఆ సాయంత్రం పెద్ద గొడవ. ఆవిడ దుకాణానికి వచ్చేవాళ్ళలో ఒకాయనకి కింది అంతస్తు ఇల్లు, చుట్టూ ఖాళీ జాగా ఉన్నాయి. నలుసుని ఇస్తే తీసుకుంటానని ఎప్పటి నుంచో అడుగుతున్నాడు.

"ఇచ్చేద్దాం నాన్నా. నీ నడుం మళ్ళీ పోతే ఎవరు చూస్తారు?"

మామయ్య చేతులు రెండూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని అన్నారు. "నిచ్చెన పోయాక ఈ చేతుల్లోకి వచ్చింది ఇదొక్కటేనమ్మా. దీన్ని కూడా పంపించేస్తే నేను ఉండీ ఏం లాభం?"

మా ఆవిడ మొహం తిప్పుకుంది. నాకు ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం, "ఇద్దరం మోద్దాం మామయ్యా. కింద నేనుంటాను" అనేశాను.

ఆయన నన్ను తల నుంచి కాలి దాకా చూశారు. ఫ్రిజ్‌ను చూసినట్టే చూశారు. "పొడుగైతే ఉన్నావు" అన్నారు చివరికి.

మా ఆవిడ మొహం మాడ్చుకునే, మందపాటి గుడ్డకి రెండువైపులా నవారు పట్టీలు కుట్టి ఉయ్యాలలాంటిది తయారుచేసింది. నలుసు పొట్ట కింద నుంచి గుడ్డ వేసి, ముందు నేను, వెనక ఆయన పట్టుకోవాలి. మొదటి రోజు మామయ్య దాన్ని బీరువాని కట్టినట్టు బిగించి కట్టారు. అంతా బాగానే ఉంది. మలుపు దగ్గర పిల్లి కనపడింది. నలుసు ఎగిరింది, మేము ముగ్గురం వెళ్ళి గోడకి కొట్టుకున్నాం.

మామయ్య మోచెయ్యి రుద్దుకుంటూ, "ముప్పై ఏళ్ళలో ఏ బీరువా పిల్లిని చూసి ఎగరలేదయ్యా" అన్నారు.

అసలు కష్టం అది కాదు. మెట్లు చెప్పడం. నేను "ఊ... ఊ..." అంటే ఒప్పుకునేవారు కాదు. "నోరారా చెప్పు. నిచ్చెన మలుపుకి ముందు ఒక్క క్షణం ఆగేవాడు. నిచ్చెన ఆఖరి మెట్టుకి గొంతు తగ్గించేవాడు." రోజూ ఇదే పాట. మొదటి భార్య గుణగణాలు వినే రెండో భార్యకి ఎట్లా ఉంటుందో నాకు బాగా తెలిసొచ్చింది. ఉక్రోషం వచ్చేది. ఎంత చెమటోడ్చినా పోయినవాడితో పోటీపడి గెలవలేం కదా!

ఒకరోజు తలెత్తి చూశాను. నలుసు తల నా ఛాతీకి ఆని ఉంది, దాని వీపు మీదుగా మామయ్య మొహం కనపడింది. ఆయన కళ్ళు మూసుకుని దిగుతున్నారు. అడుగు మాత్రం తప్పడం లేదు. నాకు ముందు భయం వేసింది, తర్వాత అర్థమైంది. కళ్ళు తెరిస్తే కింద ఉన్నది నేనని కనపడుతుంది. నా ఉక్రోషం ఎటు పోయిందో తెలియదు. ఆ రోజు నుంచి నేనూ "మెట్టూ..." అని సాగదీయడం నేర్చుకున్నాను. ఆయన ఇక దిద్దలేదు.

అట్లా నలుసుకి ఏడాది దాటింది. డాక్టరమ్మ నలుసు కాళ్ళు మడిచి, చాపి చూసి, "ఇక మెట్లు దిగనివ్వండి, నెమ్మదిగా" అంది. మా ఆవిడ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. నా భుజాలు బతికిపోయాయి. మామయ్య మాత్రం పట్టీలు చుట్టి చంకలో పెట్టుకున్నారు.

మర్నాడు తలుపు తీసి "పదవే" అంటే నలుసు మొదటి మెట్టు దగ్గర కూలబడింది. మమ్మల్ని చూసింది, మెట్లని చూసింది, ఒళ్ళంతా వణికిపోయింది. అప్పటికి గానీ మా తెలివి మాకు తెలియలేదు. దాన్ని కింద పెట్టకుండా పెంచాం. మెట్టు అనేది ఒకటుందని, దాని మీద కాలు పెట్టాలని దానికి ఎవరు చెప్పారు? బిస్కెట్లు చూపించాం, బతిమాలాం, లాగాం. దూడంత కుక్క కుక్కిన పేనులా కూర్చుంది. మళ్ళీ పట్టీలు తీయక తప్పలేదు. ఆ రోజు మోసేసరికి మామయ్య కాళ్ళు వణకడం పట్టీలోంచి నా చేతులకి తెలిసింది. అది కొన్నాళ్ళు సాగింది. మా ఆవిడ మళ్ళీ ఆ ఖాళీ జాగా ఆయన మాట ఎత్తింది. ఈసారి గొడవగా కాదు, కళ్ళనీళ్ళతో ఎత్తింది. ఆయన ఆదివారం వచ్చి చూసుకుంటానన్నాడట.

ఆదివారం పొద్దున్న మామయ్య పట్టీలు నా చేతికి ఇచ్చేశారు. రెండు మెట్లు దిగి, నలుసు వైపు తిరిగి, వీధికి వీపు పెట్టి నిలబడ్డారు.

"నాన్నా, వెనక్కి దిగకు, పడతావు!"

ఆయన చెయ్యెత్తి ఆపారు. ఒక పాదం వెనక్కి జరిపి, మెట్టు అంచు తడిమి చూసుకున్నారు.

"మెట్టూ..."

అది మామయ్య గొంతు కాదు. నేను నెలల తరబడి సాధన చేసిన గొంతూ కాదు. లోపల ఎక్కడో దాచిపెట్టుకున్న నిచ్చెన అసలు గొంతు. నలుసు చెవులు లేచాయి. ఈ మాట దానికి తెలుసు. ఈ మాట అన్నప్పుడల్లా ఒళ్ళు కొద్దిగా కిందికి దిగుతుందని తెలుసు. ముందుకాలు ఒకటి గాల్లోకి ఎత్తి, చాలాసేపు ఆలోచించి, మెట్టు మీద పెట్టింది.

"మెట్టూ... మెట్టూ..."

ఆయన వెనక్కి, అది ముందుకి. మలుపు ముందు ఒక్క క్షణం ఆగారు. నేను ఆయనకి రెండు మెట్ల కింద, పడితే పట్టుకునేలా చేతులు చాపి దిగాను, మా ఆవిడ నలుసు వెనక దిగింది. ఆఖరి మెట్టుకి ఆయన గొంతు తగ్గింది. నలుసు నేల మీద నాలుగు కాళ్ళూ పెట్టి, ఏదో ఘనకార్యం చేసినట్టు మా ముగ్గురి చుట్టూ గిరగిరా తిరిగింది.

మామయ్య ఆఖరి మెట్టు మీద కూలబడ్డారు.

"కిందివాడికి ఏమీ కనపడదు అల్లుడూ. వాడికి కనపడుతుందనే అనుకున్నా ఇన్నాళ్ళూ. కనపడే చెబుతున్నాడు కదా, నాకేం భయమని దిగేవాణ్ణి." మొహం పంచెతో తుడుచుకున్నారు. "వాడికీ ఏమీ కనపడేది కాదయ్యా. ఒక్కసారి వస్తే బాగుండు. ఈసారి కింద నేనుంటానురా అని చెబుదును."

నలుసు వచ్చి ఆయన ఒళ్ళో తల పెట్టింది. ఖాళీ జాగా ఆయనకి మా ఆవిడే వద్దని ఫోను చేసింది.

నలుసు ఇప్పుడు మా కంటే ముందే గేటు దగ్గర ఉంటుంది. పట్టీలు తలుపు వెనక మేకుకి వేలాడుతున్నాయి. మామయ్య దాని వెనకే దిగుతారు, చేతులు మాత్రం ఇంకా ముందుకు, సగం మడిచే ఉంటాయి. దిగొచ్చాక కిటికీ దగ్గర కుర్చీ, వీధి, చల్లారిన టీ. కుక్క ఉంది, బరువు లేదు. ఆ వెలితి నాకు తెలుస్తూనే ఉంది గానీ ఏం చెయ్యాలో తోచలేదు.

మొన్న ఒక రోజు మా ఆవిడ గదిలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "నాన్నా, ఈ బీరువా అటు గోడకి జరపాలి. ఒక చెయ్యి వెయ్యి" అంది.

నేను నోరు వెళ్ళబెట్టాను. ఆ బీరువాకి ఉన్నచోట ఏ లోటూ లేదు. మంచం మీద చూస్తే, దుప్పటి కింద గుట్టగా బట్టలు. పొద్దున్నే బీరువా మొత్తం ఖాళీ చేసి పెట్టింది.

మామయ్య గబగబా వచ్చి అటువైపు పట్టుకున్నారు. వేళ్ళు పెట్టగానే ఆయనకి తెలిసిపోయి ఉంటుంది. ఒక్క క్షణం ఆగి, పట్టు సరిచేసుకున్నారు.

"నేను వెనక్కి నడుస్తాను, నువ్వు నాతో రా" అంది మా ఆవిడ. ఇద్దరూ ఎత్తారు. మధ్యలో బీరువా. అటు ఆయన, ఇటు ఆవిడ, ఒకరికొకరు కనపడరు. ఆవిడ పాదంతో తడుముకుంటూ, సిగ్గుపడుతూ, "అడుగూ... అడుగూ..." అంది. గోడ దాకా వచ్చాక ఆగింది.

బీరువా అవతల నుంచి మామయ్య గొంతు వినపడింది.

"ఆగకమ్మా. ఇంకా చెప్పు."